పెరటి కొలనుకీ అలుగు ఉండాలి

ప్రశ్న: మాది విజయనగరం దాసన్నపేట. రెండేళ్ళ కిందట పెరట్లో పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో సిమెంటు కొలను కట్టించుకున్నాం. అంచు నేలకి సమంగా ఉంటుంది. కలువలు వేశాం, గప్పీలూ గోల్డ్‌ఫిష్‌లూ వదిలాం. వాననీరు వృథా పోకూడదని డాబా మీది గొట్టం కూడా అందులోకే తిప్పాం. గట్టి వాన పడితే చాలు, కొలను పొంగి పెరడంతా నీళ్ళే. కిందటి దసరా వానలకి సగం చేపలు కొట్టుకుపోయాయి, మిగిలినవి ఎర్రమట్టి నీళ్ళలో రెండ్రోజులకి తేలిపోయాయి. నీళ్ళు తమ ప్రహరీ పునాదిలోకి దిగుతున్నాయని పక్కింటివాళ్ళు మాట్లాడ్డం మానేశారు. కొలను గోడ ఇంకో అడుగు లేపితే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. పంపు పెట్టి తోడించమని బెంగుళూరు నుంచి మా అబ్బాయి. పూడ్చేస్తే పీడా పోతుందని మా వారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, పూడ్చకండి. పంపూ కొనకండి. ముందు ఆ డాబా గొట్టాన్ని కొలనులోంచి తప్పించండి. మీ అవస్థలో ముప్పాతిక వంతు దానివల్లే.

లెక్క చాలా సులువు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా లీటరు నీరు. మీ కొలను అరవై చదరపు అడుగులు, అంటే సుమారు 5.6 చదరపు మీటర్లు. రోజంతా కలిపి 100 మి.మీ. కురిసిందనుకోండి, నేరుగా కొలనులో పడేది 560 లీటర్లు. నీటిమట్టం పెరిగేది పది సెంటీమీటర్లు, నాలుగంగుళాలు. అంతమాత్రానికి ఏ కొలనూ ఊరి మీద పడదు. డాబా విస్తీర్ణం మీరు రాయలేదు కానీ, వెయ్యి చదరపు అడుగులు అనుకుంటే అదే వానకి దాని మీంచి దిగేది 9,300 లీటర్లు. మీ కొలను అడుగు నుంచి అంచు దాకా నింపితే పట్టేదే 4,250 లీటర్లు. అప్పటికే నిండుగా ఉన్న కొలనులోకి దానికి రెండింతల పైన నీరు పంపించి, పొంగిందని దాన్ని తిడితే ఎలా?

ఇక మేస్త్రీ మాట. గోడ అడుగు లేపితే అదనంగా పట్టేది 1,700 లీటర్లు. మీ డాబా మీద పద్దెనిమిది మిల్లీమీటర్లు పడితే ఆ అడుగూ నిండిపోతుంది. వాతావరణ శాఖ 'భారీ వర్షం' అనే మాట వాడేదే రోజుకి 64.5 మి.మీ. దాటాక. 115.6 దాటితే 'అతి భారీ', 204.4 దాటితే 'అత్యంత భారీ'. మన జిల్లాలకి ఈ మూడు మాటలూ కొత్త కాదు. పైగా పాత గోడ మీద కొత్త వరస పెట్టినచోట అతుకు సందులోంచి నీరు కారడం మొదలైతే, అది కూడా పక్కింటి వైపే కారుతుంది. మేస్త్రీ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అడుగు అక్కర్లేదు గానీ ఆరంగుళాలు లేపించండి. అది ఎందుకో కింద చెబుతాను.

పంపు గురించి మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి: తుపాను రోజున కరెంటు ఉండదు. 2014 హుద్‌హుద్ తర్వాత, 2018 తిత్లీ తర్వాత ఎన్ని ఊళ్ళు ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. సరిగ్గా అవసరమైన పూట పనిచెయ్యని యంత్రాన్ని నమ్ముకుని కొలను నడపకూడదు. నీరు పల్లానికి తనంతట తాను పోయే ఏర్పాటే కావాలి.

ఆ ఏర్పాటు మన చెరువుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మదుము వేరు, అలుగు వేరు. మదుము మనం తీస్తే నీరు వదుల్తుంది. అలుగు దగ్గర ఎవరూ కాపలా ఉండక్కర్లేదు, మట్టం దాటిన నీరు దాని మీంచి పొర్లి పోవలసిన దారిన పోతుంది. గట్టు తెగకుండా నిలబడేది దానివల్లే. మీ కొలనుకి ఆ రెండూ లేవు. అంచు నాలుగు వైపులా సమంగా ఉంది కాబట్టి, పొంగిన నీరు తనకి పల్లంగా కనబడిన వైపు, అంటే పక్కింటి ప్రహరీ వైపు దారి చూసుకుంది.

పని ఇలా చేయించండి. కొలను చుట్టూ ఆరంగుళాల ఎత్తున ఒక వరస కట్టించి, లోపలా బయటా వాటర్‌ప్రూఫింగ్ కలిపిన సిమెంటుతో పూత వేయించండి. పాత అంచుని ఉలితో గరుకు చేసి, కడిగి, తడి మీద కట్టమనండి. ఈ వరస నీరు నిలబెట్టడానికి కాదు, పెరట్లో పారే మట్టినీరు లోపలికి రాకుండా ఆపడానికి. ఇప్పుడు నేలకి సమంగా ఉండబట్టే పెరటి చెత్తంతా కొలనులో దిగుతోంది.

పక్కింటికి దూరంగా ఉన్న గోడలో నాలుగంగుళాల పీవీసీ గొట్టం ఒకటి బిగించాలి. నీటిమట్టాన్ని తేల్చేది గొట్టం నడుమ కాదు, దాని లోపలి అడుగు. ఆ అడుగు కొత్త అంచుకి ఎనిమిదంగుళాల కింద ఉండేటట్టు చూడండి. అప్పుడు కొలను లోతు ఇప్పటికంటే రెండంగుళాలే తగ్గుతుంది, కలువలకి దానివల్ల ఏ లోటూ రాదు. "ఇంత చిన్న కొలనుకి రెండంగుళాల గొట్టం చాలదా" అంటాడు ప్లంబరు. డాబా నీరు తప్పించాక, లెక్క ప్రకారం చాలు కూడా. గంటకి 100 మి.మీ. చొప్పున దంచినా కొలను మీద పడేది సెకనుకి లీటరులో ఆరో వంతే. కానీ గొట్టాల్ని ఓడించేది నీరు కాదు, ఆకు. రెండు మామిడాకులు అడ్డం పడితే రెండంగుళాల గొట్టం పనైపోతుంది. అడ్డుకొలత రెట్టింపు చేస్తే నీటి దారి నాలుగింతలవుతుంది. ఇక్కడ పొదుపు చెయ్యకండి.

సిమెంటు గోడకి కన్నం పెట్టేటప్పుడు సుత్తీ ఉలీ వద్దు. కోర్ కటింగ్ మిషన్ తెచ్చేవాళ్ళు పట్నంలో దొరుకుతారు, గుండ్రంగా కోసి ఇస్తారు. సుత్తి దెబ్బలకి గోడలో సన్నటి బీటలు వస్తాయి, అవి మరుసటి ఏడు గానీ బయటపడవు. ఇంకొకటి, నున్నటి పీవీసీని సిమెంటు పట్టుకోదు. గోడలో ఉండే ముక్కని గరుకు కాగితంతో రుద్ది, గొట్టాలు అతికించే సాల్వెంట్ రాసి, అది ఆరకముందే ఇసక చల్లి, ఎండాక బిగించమనండి. ఈ చిన్న పని ఎగ్గొట్టడం వల్లే చాలా తొట్లు గొట్టం చుట్టూ కారుతుంటాయి.

గొట్టం లోపలి కొసకి బెండు (వంపు ముక్క) కాకుండా మూడు మూతుల 'టీ' ముక్క పెట్టించండి. దాని కింది కాలు జానెడు మేర నీళ్ళలోకి దిగాలి, పై కాలు నీటిపైకి తెరుచుకుని ఉండాలి. కింది కాలు నీటిలోపలినుంచి నీరు తీసుకుంటుంది కాబట్టి పైన తేలే ఆకులూ పూరేకులూ దానిలోకి పోవు. పై కాలు గాలి కోసం. ఒట్టి బెండు పెట్టి వదిలేస్తే, గొట్టం నిండా నీరు పారిన వేళ పెట్రోలు ట్యాంకులో రబ్బరు గొట్టం వేసి లాగినట్టు, బెండు మూతి బయటపడేదాకా కొలను నీటిని లాగేస్తుంది. కింది కాలు అడుగున మూత బిగించి, చుట్టూ హాక్సా బ్లేడుతో నిలువు చీలికలు పెట్టిస్తే చేపలు పోవు. గొట్టం మూతికి దోమతెర కట్టే అలవాటు ఒకటి ఉంది. మొదటి వానకే పాచి పట్టి అట్టకట్టేస్తుంది, వద్దు.

ఇది రోజువారీ దారి. తుపానుకి రెండోది కావాలి, అదే అలుగు. గొట్టం ఉన్న వైపే, కొత్త వరసలో ఒకటిన్నర అడుగు వెడల్పున, అంచుకి మూడంగుళాల కిందుగా ఒక గాడి వదలమనండి. దాని మీద రెండంగుళాల మందాన నీరు పారితే సెకనుకి దాదాపు ఎనిమిది లీటర్లు పోతాయి. మీ డాబా నీరంతా పొరపాటున కొలనులోకే వచ్చినా, గంటకి 100 మి.మీ. వానలో అది సెకనుకి మూడు లీటర్లు మించదు. గొట్టం పూర్తిగా మూసుకుపోయినా గాడి ఒక్కటే ఆదుకుంటుంది. గాడి అడుగుని మిగతా అంచుతో పోల్చి చూసేటప్పుడు కంటిచూపుని నమ్మొద్దు. నీళ్ళు నింపిన ట్యూబుతో అన్ని మూలలా లెవెల్ పట్టించండి. రసమట్టం (స్పిరిట్ లెవెల్) పొట్టి దూరాలకే బాగుంటుంది. ఒక మూల గాడి అడుగు కంటే కిందికి కుంగి ఉంటే, నీరు గాడిని వదిలి ఆ మూలే పొంగుతుంది.

సరే, బయటికొచ్చిన నీరు ఎక్కడికి పోవాలి? పక్కింటికి మాత్రం కాదు. వాలున్న చోట పైనుంచి కింది స్థలంలోకి నీరు సహజంగా పారడాన్ని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కూడా ఒప్పుకుంటుంది. కానీ మీరు తొట్టిలో పట్టి, పొంగించి పంపేది సహజంగా పారిన నీటి కిందికి రాదు. వాళ్ళ కోపంలో తప్పులేదు. పని మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం వెళ్ళి, గొట్టం ఎటు తిప్పుతున్నారో వాళ్ళకి చూపించండి. మేస్త్రీ వచ్చాక చెప్పేకంటే ముందే చెప్పడం నయం.

పెరట్లో అరటిగానీ కొబ్బరిగానీ ఉంటే మొదట ఆ పాదుల్లోకి, తర్వాత ఇంకుడు గుంతలోకి పంపండి. గుంత ఇంటి పునాదికీ ప్రహరీలకీ కనీసం పదడుగుల ఎడంలో ఉండాలి, సెప్టిక్ ట్యాంకుకీ నూతికీ ఇంకా దూరంలో. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున తవ్వి రాళ్ళు నింపితే సందుల్లో పట్టే నీరు 400 లీటర్ల దాకా ఉంటుంది. వెయ్యి లీటర్లు పడుతుందని చెప్పేవాళ్ళు రాళ్ళ చోటు లెక్కలో మర్చిపోతారు. మీ నేల ఎంత తాగుతుందో ముందే చూసుకోవచ్చు. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు పోసి ఇంకనివ్వండి, మళ్ళీ నింపి గంటలో ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. మన ఎర్ర ఇసక నేలలు మామూలుగా బాగానే తాగుతాయి. ఒకటి రెండు అంగుళాలకి మించి దిగకపోతే కింద బంక మట్టి ఉన్నట్టు, గుంత మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఆశ ఉన్నా అక్టోబరులో కాదు. జూన్ నుంచి తడిసిన నేల అప్పటికి కడుపునిండా తాగి ఉంటుంది. అందుకే గుంత పైభాగం నుంచి వీధి కాలవకి ఇంకో గొట్టం ఉండి తీరాలి. ఇక్కడొక చిక్కుంది. తుపాను రోజున వీధి కాలవలు కూడా పొంగుతాయి. మీ గొట్టం కొస కాలవలో నీరు ఎక్కే ఎత్తు కంటే కిందుంటే, ఆ మురుగు వెనక్కి ఎక్కి కొలనులో చేరుతుంది. కిందటి వానల్లో మీ వీధిలో నీరు ఎంతదాకా నిలిచిందో గోడ మీది మరక చెబుతుంది. గొట్టం కొస దాని పైన ఉండాలి. అంత వాలు కుదరకపోతే వెనక్కి రానివ్వని వాల్వు ఒకటి పెట్టించి, వానలకి ముందు అది తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. బయటి కొసకి జాలీ కూడా బిగించండి. వానాకాలంలో ఎలుకలూ, వాటి వెనకాల పాములూ పొడి గొట్టాల్లో దూరతాయి.

డాబా గొట్టం విషయానికి మళ్ళీ వస్తాను. దాన్ని పూర్తిగా తీసెయ్యమని అనడం లేదు. గొట్టానికి టీ, రెండు వాల్వులు వేయించి, వానాకాలంలో నీరు సంపుకో, గుంతకో, కాలవకో పోయేటట్టు ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన పడి కొలను మట్టం తగ్గి ఉన్నప్పుడు అటు తిప్పుకోవచ్చు. అప్పుడైనా మొదటి పది నిమిషాల నీరు వదిలేయండి. డాబా మీద నెలల తరబడి పేరుకున్న దుమ్మూ పిట్టల రెట్టా అందులోనే వస్తాయి.

చేపలు ఎందుకు చచ్చాయో కూడా అడిగినట్టే లెక్క. ఎర్రమట్టి రేణువులు మొప్పల్లో ఇరుక్కుంటాయి. నీళ్ళతో వచ్చిన ఆకూ పేడా కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువుని తినేస్తాయి. మబ్బు పట్టి ఎండ లేకపోతే నీటి మొక్కలు దాన్ని తిరిగి ఇవ్వలేవు. పైగా వాననీటిలో ఖనిజాలు ఉండవు కాబట్టి, డాబా నీరు ఒక్కసారిగా అంత వచ్చిపడితే నీటి గుణమే గంటల్లో మారిపోతుంది, ఆ మార్పుని చేప తట్టుకోలేదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. అలాంటప్పుడు మేత ఆపేయండి. తినకపోతే రెండ్రోజుల్లో ఏ చేపా చావదు, తినని మేత కుళ్ళితే మాత్రం చస్తుంది. మూడో వంతు నీరు తీసి మంచినీరు పొయ్యండి, అది కుళాయి నీరైతే ఒక రోజు బకెట్లలో నిలవుంచి పొయ్యండి. మొత్తం నీరు ఒకేసారి మార్చడం ఇంకో దెబ్బ. చింతపల్లి తీరానికో భీమిలికో వెళ్ళినప్పుడు ఆల్చిప్పలూ గుల్లలూ ఏరుకొచ్చి, కడిగి, సంచిలో కట్టి కొలనులో వేయండి. అవి సున్నపు సరుకే, నీరు పులుపెక్కకుండా మెల్లగా కరుగుతుంటాయి.

మట్టి రాకుండా కొలనుకి ఎగువ వైపు అడుగు వెడల్పున చిన్న కాలవ తవ్వి కంకర నింపించండి. దాని గట్టున వట్టివేరో నిమ్మగడ్డో నాటితే మట్టి అక్కడే ఆగుతుంది. గుంతలోగానీ ఈ కాలవలోగానీ నీరు వారం దాటి నిలవకూడదు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అయ్యేదాకా పట్టేది ఏడు నుంచి పది రోజులే. కొలను సంగతి గప్పీలు చూసుకుంటాయి, గుంతలో గప్పీలుండవు కదా.

ఇవన్నీ రోహిణి కార్తెలోనే ముగించుకోండి. మృగశిర చినుకు పడ్డాక సిమెంటు పని సరిగ్గా రాదు. అసలు పరీక్ష దసరాకి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. 2021లో గులాబ్ కొంచెం ముందే, సెప్టెంబరు 26న కళింగపట్నం ప్రాంతంలో దాటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్ని ముంచింది. సెప్టెంబరు మొదలు, దసరా వెళ్ళాక జరిగే సిరిమాను సంబరం అయ్యేదాకా వారానికోసారి టీ గొట్టం చీలికలు బ్రష్షుతో తోమి, గాడిలో ఆకులు తియ్యండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, కొలనులో ఫౌంటెన్ ఏదైనా ఉంటే దాని ప్లగ్గు పీకేసి, కొలను మట్టం ఆరంగుళాలు తగ్గించండి. దాదాపు 850 లీటర్ల చోటు దొరుకుతుంది, 150 మి.మీ. వాన దాన్లోనే ఇమిడిపోతుంది. భయపడి మొత్తం ఖాళీ మాత్రం చెయ్యకండి. చుట్టూ నేల నీటితో ఊరి ఉన్నప్పుడు లోపల నీటి బరువు లేని సిమెంటు తొట్టిని భూమిలోని నీరు కిందినుంచి పైకి నెడుతుంది. అడుగు పగలడానికి అదొక్క రోజు చాలు.

కొత్త చేపల్ని కార్తీకం వెళ్ళాక తెచ్చుకోండి, అప్పటికి వానలు తెరిపిస్తాయి. కొట్టుకుపోయిన గోల్డ్‌ఫిష్‌లు కాలవలోనే పోయి ఉంటాయి గానీ, దుకాణంవాడు 'పాచి తింటుంది, అద్దం శుభ్రం చేస్తుంది' అని అంటగట్టే సకర్ చేపని మాత్రం వద్దనండి. అది పొంగులో బయటపడిందా, చెరువుల్లో బతికి, పిల్లల్ని పెట్టి, మన చేపల మేతకే పోటీ వస్తుంది. గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందని వెయ్యకండి. వేసిన నెలకే మీ టీ గొట్టాన్ని కప్పేస్తుంది.